జేబులో ఓ ఈల.. రెజ్యూమెలో ఓ లైన్‌!

ఫోన్‌లో చార్జింగ్‌ అయిపోవచ్చు. సిగ్నల్‌ పోవచ్చు. అరిచి అరిచి గొంతు మూగబోవచ్చు. అలాంటప్పుడు 'నేనిక్కడున్నా' అని చెప్పడానికి ఓ చిన్న ఈల చాలు. దాన్ని ఇంట్లో పారేసే వస్తువులతోనే చేసుకోవచ్చు. ఖర్చు దాదాపు సున్నా. నేర్చుకునేది మాత్రం చాలా ఉంది. కనిగిరి లాంటి చోట చదువుతూ ఉద్యోగాల వేటలో ఉన్నవారికి ఇది రెండు రకాలుగా ఉపయోగం.

'టైటానిక్‌' సినిమా చూశారు కదా! చివర్లో గడ్డకట్టే నీళ్లలో రోజ్‌ గొంతు పెగలదు. వెతకడానికి వచ్చిన పడవ దూరంగా వెళ్లిపోతుంటుంది. అప్పుడామె చనిపోయిన ఓ అధికారి దగ్గరున్న ఈల తీసి ఊదుతుంది. పడవ వెనక్కి తిరుగుతుంది. అది సినిమానే కావచ్చు, కానీ అందులోని విషయం నిజం. విమానంలో సిబ్బంది చూపించే లైఫ్‌జాకెట్‌కు ఈల ఉంటుంది. ఓడల్లోని లైఫ్‌జాకెట్లకూ ఉంటుంది. కొన్ని ట్రెకింగ్‌ బ్యాగుల ఛాతీ పట్టీ క్లిప్పులోనే ఈల కలిపి చేస్తారు. మీ బ్యాగుకు ఉందేమో ఓసారి చూసుకోండి. చాలామంది ఏళ్ల తరబడి మోస్తూ కూడా గమనించరు!

విపత్తులలో స్థానికులకు సాయం చేసేందుకు జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ శిక్షణ ఇచ్చే 'ఆపద మిత్ర' వలంటీర్ల కిట్‌లో కూడా టార్చి, గ్లౌజులు, ప్రథమ చికిత్స పెట్టెలతో పాటు ఈల ఉంటుంది. అంటే ఇది పిల్లల ఆటవస్తువు కాదు, ప్రాణం నిలిపే పరికరాల జాబితాలో ఒకటి.

మనకెందుకులే అనుకోవద్దు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ తుపాను విశాఖను తాకినప్పుడు కరెంటు, ఫోన్లు రెండూ మూగబోయాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలకు కాలనీలు నీట మునిగినప్పుడు మేడల మీద చిక్కుకున్నవారిలో ఎంతోమందికి చార్జింగ్‌ పెట్టుకునే దారి లేదు. మన ప్రకాశం వైపు తుపాన్ల కంటే కరవు ఎక్కువ, నిజమే. కానీ 1967 మార్చిలో ఒంగోలు ప్రాంతంలో భూకంపం వచ్చింది. 2024 డిసెంబరులో ముండ్లమూరు, తాళ్లూరు మండలాల్లో భూమి కొద్దిగా కంపించి జనం ఇళ్లలోంచి బయటికి పరుగులు తీశారు.

అంత పెద్ద విపత్తే రావాలని లేదు. హనుమంతునిపాడు, వెలిగండ్ల, పామూరు, సీఎస్‌పురం, పీసీపల్లి నుంచి కనిగిరి కాలేజీలకు వచ్చేవాళ్లు ఎందరో. ఆఖరి బస్సు దిగి మెయిన్‌ రోడ్డు మీంచి ఊళ్లోకి చీకట్లో నడవాలి. ఇంటి దగ్గర నాన్న కరెంటు ఇచ్చే వేళను బట్టి రాత్రిపూట బోరు మోటారు వేయడానికి చేనుకు వెళ్తాడు. అక్కడ పాము కరిచినా, గట్టు మీంచి జారి కాలు విరిగినా కేక వినేవాళ్లు ఉండరు. కోచింగ్‌ కోసమో, ఉద్యోగం కోసమో హైదరాబాద్‌, బెంగళూరు వెళ్లి హాస్టల్లో ఉంటే లిఫ్టులో ఇరుక్కోవడం, పొగ కమ్మిన గదిలో దారి తెలియకపోవడం లాంటివి ఎవరికైనా జరగొచ్చు.

గొంతు కంటే ఈల ఎందుకు మేలు?

మనిషి మాట స్వరం సాధారణంగా 100 నుంచి 250 హెర్ట్జ్‌ మధ్య మొదలవుతుంది. మన చెవి బాగా పట్టుకునేది మాత్రం 2,000 నుంచి 5,000 హెర్ట్జ్‌ మధ్య శబ్దాన్ని. మంచి ఈల సరిగ్గా ఆ పరిధిలోనే మోగుతుంది. పైగా ఊపిరి మొత్తం ఒకే స్వరంగా మారుతుంది కాబట్టి గాలి, వాహనాల రొద మధ్య కూడా వేరుగా వినిపిస్తుంది.

ఇంకో కారణం శ్రమ. గట్టిగా కేకలు వేస్తే కొద్దిసేపటికే గొంతు బొంగురుపోతుంది. ఈల అయితే గంటలకొద్దీ ఊదొచ్చు. శిథిలాల కింద చిక్కుకున్నవారు అదే పనిగా అరవొద్దని, పైపునో గోడనో తట్టాలని, ఈల ఉంటే ఊదాలని నిపుణులు చెప్పడానికి కారణం కూడా ఇదే. అరిచేటప్పుడు దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఉన్న శక్తి కూడా అయిపోతుంది.

కొంటే సరిపోదా?

సరిపోతుంది. స్పోర్ట్స్‌ షాపులో తక్కువ ధరకే ప్లాస్టిక్‌ ఈల దొరుకుతుంది. కొనగలిగితే కొనుక్కుని బ్యాగుకు తగిలించుకోండి. మరి చేయడం ఎందుకంటే మూడు కారణాలున్నాయి. ఒకటి, అవసరం వచ్చిన రోజున కొన్న ఈల మీ దగ్గర ఉండకపోవచ్చు. అప్పుడు చేతికి దొరికిన మూతతో మోగించడం తెలిసి ఉంటే అదే అక్కరకొస్తుంది. రెండు, ఎన్‌ఎస్‌ఎస్‌ క్యాంపులో ఊరి మొత్తానికీ పంచాలంటే డబ్బుల కంటే పాత పైపు ముక్కలు తేలిగ్గా దొరుకుతాయి. మూడు, ఒక వస్తువును అనుకుని, చేసి, అది మోగకపోతే ఎందుకు మోగలేదో కనిపెట్టి, మళ్లీ చేయడం ఏ ఇంటర్వ్యూలోనైనా చెప్పుకోదగ్గ అనుభవం.

మొదటి మెట్టు: చేయకుండానే మోగించేది

కావాల్సింది కూల్‌డ్రింక్‌ సీసా మూత ఒక్కటే. ఇనుప మూతయినా, ప్లాస్టిక్‌ మూతయినా ఫర్వాలేదు.

మూత బోలుగా ఉన్న వైపు మీ ముఖం వైపు ఉండాలి. రెండు బొటనవేళ్లను పక్కపక్కన నిలబెట్టి మూత నోటిని కప్పండి. వేళ్ల కణుపులను కాస్త వంచితే పైభాగాన రెండు వేళ్ల మధ్య చిన్న త్రికోణం లాంటి సందు మిగులుతుంది. పెదాలను ఆ కణుపుల మీద ఆనించి, గాలి సరిగ్గా ఆ సందు మీదుగా పోయేలా ఊదండి. మిగతా అంచులన్నీ వేళ్లతో మూసుకుపోయి ఉండాలి.

మొదటి పదిసార్లూ 'ఫూ' అనే వస్తుంది. చిరాకు పడొద్దు. సందును కొంచెం పెద్దది, చిన్నది చేస్తూ, వేళ్ల కోణం మారుస్తూ ప్రయత్నించండి. ఒక్కసారి దొరికిందంటే చెవులు గింగురుమనేలా మోగుతుంది. చిన్నప్పుడు మామిడి టెంక అరగదీసి పీక చేసినవాళ్లకు, కొబ్బరాకు చుట్టి బూర ఊదినవాళ్లకు ఈ ఒడుపు త్వరగానే పట్టుబడుతుంది.

రెండో మెట్టు: పెన్ను మూత

ఒక చివర మూసి ఉన్న చిన్న గొట్టం అంచు మీదుగా ఊదితే లోపలి గాలి కంపించి మోగుతుంది. దాని లెక్క ఇంటర్‌ ఫిజిక్స్‌లో చదువుకున్నదే. ధ్వని వేగాన్ని గొట్టం పొడవుకు నాలుగు రెట్లతో భాగించాలి. 20 డిగ్రీల దగ్గర ధ్వని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. గొట్టం 4 సెంటీమీటర్లుంటే సుమారు 2,140 హెర్ట్జ్‌, 3 సెంటీమీటర్లుంటే సుమారు 2,860 హెర్ట్జ్‌ వస్తుంది. నిజంగా కొలిస్తే ఇంతకంటే కాస్త తక్కువ ఉంటుంది. గొట్టం అంచు బయట ఉన్న గాలి కూడా కొంత దానితో కలిసి ఊగడమే అందుకు కారణం.

అందుకే 4 సెంటీమీటర్ల పెన్ను మూత మన చెవికి నచ్చే పరిధిలోనే మోగుతుంది. చాలా పెన్ను మూతల కొనకు రంధ్రం ఉంటుంది. పిల్లలు పొరపాటున మింగినా ఊపిరి ఆడేందుకు పెట్టిన ఏర్పాటది. ఈలగా వాడేటప్పుడు దాన్ని వేలితో మూస్తే చాలు. శాశ్వతంగా జిగురుతో మూసేస్తే మాత్రం ఆ మూత చిన్నపిల్లలకు అందకుండా దాచండి.

మూడో మెట్టు: గట్టి ఈల

కావాల్సినవి: ఇంటి వైరింగ్‌లో మిగిలిన 20 మిల్లీమీటర్ల ప్లాస్టిక్‌ పైపు ముక్క, పాత చీపురు కర్ర లేదా అరిగిన హవాయి చెప్పు మడమ, హ్యాక్సా బ్లేడు, ఎమెరీ పేపరు, స్కేలు, పెన్సిల్‌, పాత ఐడీ కార్డు ట్యాగు.

1. పైపును 9 సెంటీమీటర్ల పొడవుకు కోయండి. రెండు చివర్లనూ ఎమెరీ పేపరుతో నున్నగా రుద్దండి. పేపరును తడిపి రుద్దితే ప్లాస్టిక్‌ పొడి ముక్కులోకి పోదు.

2. ఊదే చివర నుంచి 2 సెంటీమీటర్ల దగ్గర గీత పెట్టండి. అక్కడ నిట్టనిలువుగా సుమారు 5 మిల్లీమీటర్ల లోతు కోయండి.

3. ఆ కోతకు అవతల 5 నుంచి 6 మిల్లీమీటర్ల దూరం నుంచి ఏటవాలుగా, మొదటి కోత అడుగును కలిసేలా మరో కోత పెట్టండి. చిన్న ముక్క ఊడి వస్తుంది. అదే ఈల కిటికీ. ఏటవాలు వైపు అంచు పదునుగా, శుభ్రంగా ఉండాలి. మొత్తం ఈలకు ప్రాణం ఆ అంచే.

4. చీపురు కర్రను పైపులో బిగుతుగా పట్టేలా చెక్కి, 2 సెంటీమీటర్ల ముక్క కోయండి. దాని పైభాగాన్ని నిలువునా 1.5 మిల్లీమీటర్ల మేర చదునుగా గీకండి. చదునైన వైపు కిటికీ దిక్కు ఉండేలా ఊదే చివర నుంచి లోపలికి నెట్టండి. బిరడా కొన సరిగ్గా నిలువు కోత దగ్గర ఆగాలి. ఇప్పుడు బిరడాకూ పైపుకూ మధ్య సన్నని గాలిదారి మిగిలింది.

5. రెండో బిరడాను ఎక్కడా గీకకుండా గుండ్రంగా, బిగుతుగా చేయండి. వెనక నుంచి నెడుతూ కిటికీకీ దానికీ మధ్య 4 సెంటీమీటర్ల ఖాళీ ఉంచండి.

6. ఊదండి. వెనక బిరడాను కొంచెం ముందుకు, వెనక్కి జరుపుతూ ఎక్కడ బాగా గట్టిగా మోగుతుందో చూసి గీత పెట్టుకోండి. అక్కడ జిగురు వేసి బిగించండి.

7. తోక చివర చిన్న రంధ్రం చేసి ఐడీ కార్డు ట్యాగు కట్టండి. సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టండి.

కర్ర చెక్కడం కష్టమనిపిస్తే మొదటిసారి హవాయి చెప్పు స్పాంజీతో బిరడాలు చేయండి. కోయడం తేలిక, బిగుతుగానూ కూర్చుంటుంది. సరిగ్గా మోగే కొలతలు దొరికాక కర్రతో చేస్తే ఎక్కువకాలం ఉంటుంది.

మోగడం లేదా?

ఇక్కడే అసలు పాఠం మొదలవుతుంది. మొదటి ప్రయత్నంలోనే మోగే ఈలలు అరుదు.

గాలి శబ్దం తప్ప స్వరం రాకపోతే: గాలిదారి నుంచి వచ్చే గాలి ఎదుటి పదును అంచుకు తగలడం లేదన్నమాట. బిరడాను కొద్దిగా తిప్పండి. చదును భాగం కిటికీ కిందకు సరిగ్గా రావాలి.

స్వరం బలహీనంగా ఉంటే: వెనక బిరడా దగ్గర గాలి కారుతోందేమో చూడండి. వేలితో గట్టిగా అదిమినప్పుడు శబ్దం పెరిగితే సమస్య అదే.

మెల్లగా ఊదితే మోగి, గట్టిగా ఊదితే కీచుమని తెగిపోతే: కిటికీ చిన్నదైంది. ఏటవాలు అంచును అర మిల్లీమీటరు చొప్పున వెనక్కి అరగదీస్తూ చూడండి.

ఎంత ఊదినా ఆయాసమే తప్ప శబ్దం లేకపోతే: గాలిదారి గానీ, కిటికీ గానీ పెద్దవైపోయాయి. కొత్త బిరడాతో గాలిదారిని తగ్గించండి. కిటికీయే పెద్దదైతే కొత్త ముక్క తీసుకోవడం మేలు.

ఒక్కసారికి ఒక్క మార్పే చేయండి. రెండు మూడు ఒకేసారి మారిస్తే ఏది పని చేసిందో తెలియదు. ప్రతి మార్పునూ నోటుబుక్కులో రాయండి. ఈ అలవాటు ల్యాబ్‌లోనూ, కోడింగ్‌లోనూ, ఫ్యాక్టరీలోనూ పనికొస్తుంది.

వీటిని మాత్రం ముట్టుకోవద్దు

పత్తి, మిరప పండే నేల మనది. చేల గట్ల మీద, బోరు షెడ్ల దగ్గర పురుగుమందు డబ్బాలు, మూతలు కుప్పలుగా కనిపిస్తాయి. ఈలకు చక్కగా సరిపోతాయనిపిస్తుంది. పొరపాటున కూడా తీసుకోవద్దు. ఎన్నిసార్లు కడిగినా ప్లాస్టిక్‌లో మందు అవశేషాలు మిగలొచ్చు. ఈల అంటే నోట్లో పెట్టుకునే వస్తువు. పురుగుమందు, కలుపుమందు, ఫినాయిల్‌, యాసిడ్‌, ఇంజిన్‌ ఆయిల్‌.. వీటిలో ఏది ఉన్న డబ్బా అయినా, పైపయినా, మూతయినా వద్దు. ఎక్కడిదో తెలియని పైపు ముక్క కూడా వద్దు.

కూల్‌డ్రింక్‌ టిన్ను రేకు కోసి కూడా కొందరు ఈలలు చేస్తారు. ఆ రేకు అంచు బ్లేడు లాంటిది. పెదవి తెగుతుంది. కొత్తవాళ్లు దాని జోలికి వెళ్లకపోవడమే మంచిది.

ఇంకో జాగ్రత్త. తిరిగే యంత్రాల దగ్గర ఈల తాడును మెడలో వేసుకోవద్దు. మోటారు బెల్టు, ట్రాక్టరు వెనక తిరిగే షాఫ్టు, నూర్పిడి యంత్రం.. ఇవి వేలాడే తాడును లాగేస్తే క్షణంలో ప్రమాదం. అలాంటి చోట ఈల జేబులోనో, బ్యాగు పట్టీకో ఉండాలి.

పరీక్ష పెట్టండి

మోగింది కదా అని వదిలేస్తే సగం పనే అయినట్టు. ఖాళీ మైదానంలో స్నేహితుణ్ని 100, 200, 300 మీటర్ల దూరాల్లో నిలబెట్టి ఊదండి. వినిపిస్తే చెయ్యి ఎత్తమనండి. తర్వాత గాలి ఎదురుగా వీస్తున్నప్పుడు, బస్టాండు రొదలో, తలుపులు మూసిన హాస్టల్‌ గదిలోంచి మళ్లీ చూడండి. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్ద తీవ్రత సుమారు 6 డెసిబెల్స్‌ తగ్గుతుంది. 100 మీటర్ల దగ్గర చక్కగా వినిపించింది కాబట్టి అర కిలోమీటరు దాకా వినిపిస్తుందిలే అనుకుంటే పొరపాటే.

నీటి పరీక్ష కూడా ముఖ్యం. బకెట్‌ నీళ్లలో ముంచి, ఒక్కసారి విదిలించి ఊదండి. వెంటనే మోగాలి. రిఫరీలు వాడే పాతరకం ఈలల్లో చిన్న గోళీ ఉంటుంది. 1884లో బర్మింగ్‌హామ్‌కు చెందిన జోసెఫ్‌ హడ్సన్‌ తెచ్చిన 'ఎక్మి థండరర్‌' ఆ కోవలో అన్నిటికన్నా పేరున్నది. అంతకు ఏడాది ముందు లండన్‌ పోలీసులు చేత్తో తిప్పే గిలక్కాయల బదులు ఈలలు వాడటం మొదలుపెట్టారు. ఆ ఈల కూడా హడ్సన్‌దే.

గోళీ ఈలకు ఒక లోపముంది. తడిసినా, దుమ్ము చేరినా గోళీ ఇరుక్కుంటుంది. కెనడాకు చెందిన బాస్కెట్‌బాల్‌ రిఫరీ రాన్‌ ఫాక్స్‌క్రాఫ్ట్‌కు మ్యాచ్‌ మధ్యలో ఇదే ఎదురైంది. ఊదితే ఈల మోగలేదు. ఆయన అక్కడితో ఊరుకోలేదు. గోళీ లేని ఈల చేయించే పనిలో పడ్డారు. 1987లో వచ్చిన 'ఫాక్స్‌ 40' అలా పుట్టిందే. ఇప్పుడు ప్రపంచమంతా క్రీడల్లోనూ, రక్షణ సిబ్బంది దగ్గరా అది కనిపిస్తుంది. చిరాకు పెట్టిన చిన్న లోపాన్ని పట్టుకుంటే అదే వ్యాపారమైంది. మీరు చేసిన పైపు ఈలలోనూ గోళీ లేదు, గమనించారా!

ఎలా ఊదాలి?

కొండ ప్రాంతాల్లో అంతర్జాతీయంగా వాడే ఆపద సంకేతం ఇది: నిమిషానికి 6 సార్లు, అంటే పది సెకన్లకు ఒకసారి ఊదాలి. తర్వాత నిమిషం పాటు ఆగాలి. మళ్లీ మొదలుపెట్టాలి. విన్నవాళ్లు నిమిషానికి 3 సార్లు ఊది జవాబిస్తారు. అమెరికాలో మాత్రం మూడు ఊదులే ఆపద సంకేతం. ఏది పాటించినా లయ తప్పకూడదు. ఎడాపెడా ఊదితే ఆటలనుకుంటారు. సమానమైన విరామంతో ఊదితే ఎవరో పిలుస్తున్నారని అర్థమవుతుంది. మధ్యలో ఆగడం కూడా అవసరమే. అవతలివాళ్ల కేక మీకు వినపడేది ఆ నిశ్శబ్దంలోనే.

ఇంట్లోవాళ్లతో, గదిలో ఉండే స్నేహితులతో సంకేతం ఏమిటో ముందే మాట్లాడుకోండి. ఎవరికీ తెలియని సంకేతం ఎంత గట్టిగా మోగినా దండగే.

సరదాకి ఊదొద్దు. 'నాన్నా పులి!' కథ తెలియనివాళ్లు మనలో లేరు. ఎవరి చెవి దగ్గరా ఊదొద్దు, వినికిడి దెబ్బతింటుంది. ఇంకో మాట: ఈల ఫోన్‌కు ప్రత్యామ్నాయం కాదు, తోడు మాత్రమే. ఫోన్‌ పనిచేస్తుంటే ముందు 112కు కాల్‌ చేయండి. మీ సిమ్‌కు సిగ్నల్‌ లేకపోయినా అక్కడ వేరే నెట్‌వర్క్‌ ఉంటే ఆ కాల్‌ వెళ్లే అవకాశం ఉంది. అంబులెన్సుకు 108, మహిళల సహాయానికి 181. పాము కరిచిన మనిషి పరుగెత్తకూడదు, నడవకూడదు. కదలకుండా కూర్చుని ఈల ఊదితే సాయం తనున్న చోటికే వస్తుంది.

రెజ్యూమెలో ఎలా రాయాలి?

'ఈల తయారుచేశాను' అని రాస్తే చదివేవాళ్లు నవ్వుకుంటారు. అదే పనిని సమస్య, పరిమితులు, ప్రయత్నాలు, ఫలితం అనే నాలుగు భాగాలుగా చెబితే ఆగి చదువుతారు. ఉదాహరణకు ఇలా:

'చీకట్లో పొలాలకు వెళ్లే రైతుల కోసం పాత వైరింగ్‌ పైపుతో అత్యవసర ఈల రూపొందించాను. ఇన్ని నమూనాలు చేశాను. కిటికీ వెడల్పు, గది పొడవు మార్చుతూ పరీక్షించాను. ఆరుబయట ఇన్ని మీటర్ల వరకు వినిపించింది. ఎన్‌ఎస్‌ఎస్‌ క్యాంపులో ఇంతమందికి చేయడం నేర్పాను.'

ఆ అంకెలు మీరు నిజంగా కొలిచినవై ఉండాలి. ఇంటర్వ్యూ చేసేవారు 'ఎలా కొలిచారు? గాలి ఎటు వీస్తోంది? ఎన్నిసార్లు విఫలమైంది?' అని తప్పక అడుగుతారు. నోటుబుక్కులో రాసుకున్నవారికి జవాబు ఇబ్బంది కాదు. ఎన్నిసార్లు మోగలేదో దాచక్కర్లేదు. ఏడోసారి ఎందుకు మోగిందో చెప్పగలిగితే అదే మీ బలం. మెకానికల్‌ వాళ్లు డిజైన్‌ గురించి, ఫిజిక్స్‌ వాళ్లు తరంగాల గురించి, బీకాం వాళ్లు ఒక్కోదానికి అయిన ఖర్చు, సమయం గురించి, బీఏ వాళ్లు ఊళ్లో జనాన్ని ఒప్పించి నేర్పిన తీరు గురించి మాట్లాడొచ్చు.

ఎన్‌ఎస్‌ఎస్‌ వలంటీర్లు రెండేళ్లలో 240 గంటల సేవ చేయాలి. ఏడు రోజుల ప్రత్యేక శిబిరం కూడా ఉంటుంది. అందులో ఒక పూట దీనికి కేటాయించమని మీ ప్రోగ్రాం ఆఫీసరును అడగండి. ఒంటరిగా ఉండే ముసలివాళ్ల మంచం దగ్గర, రాత్రి చేనుకెళ్లే రైతు చొక్కా జేబులో, ఒక్కో ఈల చేరితే ఆ శిబిరం ఊరికి గుర్తుండిపోతుంది.

ఇటు ఆసక్తి ఉంటే కొలువులూ ఉన్నాయి

ప్రాణరక్షణ, భద్రత రంగాల్లో పనిచేయాలనుకునేవారికి దారులు చాలానే ఉన్నాయి. కాకపోతే చాలామందికి సరైన సమాచారం తెలియదు.

ఎన్‌డీఆర్‌ఎఫ్‌: విపత్తు నిర్వహణ చట్టం-2005 కింద 2006లో ఏర్పాటైంది. పదో బెటాలియన్‌ మన కృష్ణా జిల్లా కొండపావులూరులో ఉంది. దీనికి నేరుగా నియామకాలుండవు. కేంద్ర సాయుధ బలగాల నుంచి డెప్యుటేషన్‌ మీద తీసుకుంటారు. కాబట్టి ముందు ఆ బలగాల్లో చేరాలి. పదో తరగతి అర్హతతో ఎస్‌ఎస్‌సీ కానిస్టేబుల్‌ జీడీ పరీక్ష ఉంది. దీన్ని ఇప్పుడు తెలుగులోనూ రాయొచ్చు. డిగ్రీ ఉన్నవారు యూపీఎస్‌సీ నిర్వహించే సీఏపీఎఫ్‌ అసిస్టెంట్‌ కమాండెంట్‌ పరీక్షకు ప్రయత్నించొచ్చు. 'ఎన్‌డీఆర్‌ఎఫ్‌లో డైరెక్టు ఉద్యోగం' అని డబ్బులడిగే ఏజెంట్లను నమ్మొద్దు.

ఎన్‌ఐడీఎం: జాతీయ విపత్తు నిర్వహణ శిక్షణ సంస్థ దక్షిణాది క్యాంపస్‌ కూడా కొండపావులూరులోనే 2025 జనవరిలో ప్రారంభమైంది. ఈ సంస్థ నిర్వహించే శిక్షణ కార్యక్రమాల వివరాలు వెబ్‌సైట్లో చూస్తుండండి. ఇగ్నో ద్వారా దూరవిద్యలో విపత్తు నిర్వహణ పీజీ డిప్లొమా చేసుకోవచ్చు.

అగ్నిమాపక సేవలు: నాగ్‌పుర్‌లోని నేషనల్‌ ఫైర్‌ సర్వీస్‌ కాలేజీ ఫైర్‌ ఇంజినీరింగ్‌లో డిగ్రీతో పాటు సబ్‌ ఆఫీసర్‌ లాంటి కోర్సులు నడుపుతోంది. రాష్ట్రంలో ఫైర్‌మెన్‌ ఖాళీలు వచ్చినప్పుడు పోలీసు నియామక మండలి ప్రకటన ఇస్తుంది.

పారిశ్రామిక భద్రత: ఫ్యాక్టరీల చట్టం-1948 ప్రకారం వెయ్యి మంది, అంతకు మించి కార్మికులున్న చోట సేఫ్టీ ఆఫీసరు తప్పనిసరిగా ఉండేది. 2020లో చేసిన వృత్తి భద్రత కోడ్‌ ఆ పరిమితిని 500కు తగ్గించింది. ప్రమాదకర ప్రక్రియలున్న ఫ్యాక్టరీల్లోనూ, భవన నిర్మాణంలోనూ 250, గనుల్లో 100 అని పేర్కొంది. అంటే చిన్న సంస్థలకూ ఇక భద్రతాధికారులు కావాలి. చీమకుర్తి గ్రానైట్‌ క్వారీలున్న మన ప్రాంతానికి ఇది దగ్గరి విషయమే. చెన్నైలోని ప్రాంతీయ కార్మిక సంస్థలో ఇండస్ట్రియల్‌ సేఫ్టీ డిప్లొమా ఉంది. అర్హత, అనుభవం నిబంధనలు నోటిఫికేషన్‌లో సరిచూసుకోండి. ఊరూరా వెలిసే 'ఫైర్‌ అండ్‌ సేఫ్టీ' సంస్థల్లో చేరేముందు ఆ సర్టిఫికెట్‌కు ప్రభుత్వ గుర్తింపు ఉందో లేదో తప్పక అడగండి. లేకపోతే ఫీజు పోయినట్టే.

యువ ఆపద మిత్ర: ఎన్‌సీసీ, ఎన్‌ఎస్‌ఎస్‌, స్కౌట్స్‌ అండ్‌ గైడ్స్‌ వలంటీర్లకు విపత్తు సహాయంలో శిక్షణ ఇచ్చే పథకమిది. మీ జిల్లా విపత్తు నిర్వహణ అధికారుల దగ్గర, కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్‌ యూనిట్‌లో వివరాలు కనుక్కోండి.

ఈ వారం ఇలా చేద్దాం

సోమవారం: సీసా మూతతో మోగించడం సాధన చేయండి.
మంగళ, బుధ: పైపు ముక్క సంపాదించి మొదటి నమూనా చేయండి. మోగకపోయినా పారేయొద్దు.
గురువారం: రెండో నమూనా చేయండి. తేడాలు నోటుబుక్కులో రాయండి.
శుక్ర, శని: మైదానంలో, నీళ్లలో, గది లోపల పరీక్షించండి.
ఆదివారం: ఇంట్లోవాళ్లకు సంకేతం నేర్పండి. బాగా మోగే ఈలను మీకోసం దాచుకోకుండా, మీ ఇంట్లో రాత్రిపూట ఎక్కువగా బయటికి వెళ్లేవారి జేబులో పెట్టండి. మీకు ఇంకోటి చేసుకోవడం ఎలాగూ వచ్చేసింది కదా!